బడిలో మీ పిల్లల పేరు మారిపోతుంటే ఏం చేయాలి

మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో చేరిన నెలలో ఒకరోజు బ్యాగు సర్దుతుంటే రంగులు వేసిన కాగితం ఒకటి దొరికింది. పైన పేరు రాసే గీత మీద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో "సిరి" అని ఉంది. ఆర్ అక్షరం తిరగబడి ఉంది, కాబట్టి తనే రాసుకుందని తెలుస్తోంది. మా అమ్మాయి పేరు శ్రీహిత. ఇంట్లో సిరి అని ఎవరం పిలవం. అడిగితే, "టీచర్ అలాగే పిలుస్తుందమ్మా" అంది. ఇంకో వారానికి అసలు సంగతి బయటపడింది. ఆటల టైములో పిల్లలు చుట్టూ చేరి "హే సిరి, ఇవాళ వాన పడుతుందా?" అని అడిగి నవ్వుతున్నారట. ఆపిల్ ఫోన్లలో 2011 నుంచి పలుకుతున్న ఆ గొంతు పేరు మనకు లక్ష్మీదేవి పేరని, సంపద అని ఆ పిల్లలకేం తెలుసు? అప్పటికి మా పాపకీ తెలియదు.

ఆ పేరు మార్చింది టీచరే అని చాలా రోజులు అనుకున్నాను. నిజానికి స్కూల్ తెరవడానికి ముందు టీచర్ని కలిసే రోజున, "సిరి అని పిలవొచ్చా?" అని ఆవిడ నన్ను అడిగింది. "పర్వాలేదండీ, మీకెలా వీలైతే అలా" అన్నాను. మనకు మర్యాదగా అనిపించే ఆ ఒక్క మాటతో మన పిల్లల పేర్లు చాలావరకు పోతున్నాయి. ఎదుటివాళ్ళకు ఇబ్బంది కలగకూడదని మనం అంటాం. వాళ్ళు దాన్ని ఒప్పుకోలు కింద తీసుకుంటారు.

మేముండేది డాలస్ పక్కన. నేను చెప్పేవన్నీ అమెరికా స్కూళ్ళ సంగతులే. వేరే దేశంలో ఉన్నవాళ్ళకు ఫారాలు, చట్టాలు వేరుగా ఉంటాయి గానీ మిగతా పని ఇదే.

ముందు కాగితాలు తీయండి

టీచర్ నోట్లో పేరు పాడవడానికి ముందే ఆఫీసు కంప్యూటర్లో పాడై ఉంటుంది. మా పాప పాస్‌పోర్టులో "శ్రీ" తర్వాత ఖాళీ వదిలి "హిత" అని ఉంది. తెలుగులో కలిపి రాసినా విడదీసినా మనకు ఒకటే. ఇక్కడి సిస్టమ్ మాత్రం మొదటి ఖాళీ దాకా ఉన్నదే అసలు పేరు అనుకుంటుంది, మిగతాదాన్ని మధ్య పేరు గడిలోకి తోసేస్తుంది. అలా హాజరు పట్టీలో మా పాప ఉత్త "శ్రీ" అయింది, ఆ శ్రీ నోరు తిరగక సిరి అయింది. వెంకట సాయి హర్షిత్ అని దేవుళ్ళందరినీ కలుపుకుని పేరు పెడితే పిల్లాడు బడిలో "వెంకట" అవుతాడు. వాడిని ఇంట్లో పుట్టినప్పట్నుంచి ఆ పేరుతో ఒక్కరూ పిలిచి ఉండరు, టీచర్ పిలిస్తే పలకడు. పలకకపోతే వీడికి వినపడదేమో, ఇంగ్లీషు రాదేమో అని వాళ్ళ అనుమానం.

ఇంకా ఇబ్బంది పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకు. అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు చోటికి వెళ్ళి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. "మొదటి పేరు తెలియదు" అన్నదానికి పొడి అక్షరాలవి. ఆ మూడక్షరాలనే పిల్ల పేరనుకుని చేర్చుకున్న స్కూళ్ళున్నాయి.

కాబట్టి ఇండియాలో ఉండి పిల్లల పాస్‌పోర్టుకు ఇప్పుడే పెడుతున్నవాళ్ళు మూడు సంగతులు చూసుకోండి. పిలిచే పేరు ముందుండాలి, దాని మధ్యలో ఖాళీ ఉండకూడదు, ఇంటిపేరు దాని గడిలో నిండుగా ఉండాలి. ఇంటి దేవుడి పేరు మధ్యలోకి వచ్చినంత మాత్రాన దేవుడేమీ అనుకోడు. పాస్‌పోర్టు ఇప్పటికే వచ్చేసిన వాళ్ళు దిగులుపడక్కర్లేదు. పవర్‌స్కూల్, ఇన్ఫినిట్ క్యాంపస్ లాంటి స్కూల్ సిస్టమ్‌లలో చట్టబద్ధమైన పేరు కాక, పిలిచే పేరుకు విడిగా చోటుంటుంది. ఆఫీసులో పిల్లల రికార్డులు చూసే రిజిస్ట్రార్‌ను అడిగి అక్కడ పేరు పూర్తిగా, కలిపి రాయించండి. టీచర్ చేతికి వెళ్ళే పట్టీలో ఆ పేరే వచ్చేలా చూడమని కూడా చెప్పండి. రాయించినంత మాత్రాన అది దానంతటదే పట్టీలోకి రాదు. కొన్నిచోట్ల తల్లిదండ్రుల సంతకం కావాలి. ఫ్లోరిడాలో 2023 నుంచి, చట్టబద్ధమైన పేరు కాక ఇంకే పేరుతో పిలవాలన్నా, అది ముద్దుపేరైనా సరే, తల్లిదండ్రులు ఫారం నింపి ఇవ్వాల్సిందే.

పలికే తీరు మీరే రాసివ్వండి

కొంచెం కూర్చుని చేయాల్సిన పని ఇది. ఒక సాయంత్రం కేటాయించండి.

ముందుగా మీ పిల్లల పేరులో ఇంగ్లీషు నోటికి ఏది రాదో, ఏది వస్తుందో వేరు చేయండి. ణ, ళ రావు. మన త సరిగ్గా రాదు. ఒత్తక్షరాలకు, వట్టి అక్షరాలకు తేడా వాళ్ళ చెవికి అందదు. ప్రణవిని "ప్రనవి" అంటే ఊరుకోండి. కానీ పేరులో ఎన్ని అక్షరాలున్నాయో అన్నీ పలకడం, ఎక్కడ దీర్ఘమో ఎక్కడ హ్రస్వమో పాటించడం, ఏ అక్షరం మీద బరువు పెట్టి పలకాలో తెలుసుకోవడం, ఇవన్నీ మనసు పెడితే ఎవరికైనా వస్తాయి. వరుణ్‌ని "వరూన్" అనడం చేతకాక కాదు, ఎవరూ చెప్పక. మొదటి రకం తప్పు వదిలేయండి, రెండో రకం తప్పు అస్సలు వదలకండి. ఈ గీత మీ మనసులో గట్టిగా ఉంటే టీచర్‌తో మాట్లాడేటప్పుడు తడబాటు ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువగా పాడయ్యేది మన హ్రస్వ అకారం. ఇంగ్లీషులో "ఎ" అక్షరం కనబడగానే వాళ్ళు "యా" అని సాగదీస్తారు, లేదా "ఆ" అంటారు. లక్ష్మి "లాక్‌ష్మి" అవుతుంది, సహస్ర "సహాస్రా" అవుతుంది. దీనికి మంచి ఉపాయముంది. మన అకారానికి దగ్గరి ధ్వని వాళ్ళ "యు" అక్షరంలో ఉంది: అండర్, లక్, హస్కీ. లక్ష్మిలో మొదటి ముక్క అదృష్టానికి వాళ్ళు అనే "లక్" అని చెప్పండి. సహస్రలో నడుమ ముక్క హస్కీ కుక్కలో మొదటి ముక్క అనండి. ఐదేళ్ళ పిల్లలు కూడా ఆ క్షణంలోనే పట్టుకుంటారు. కమలా హారిస్ తన పేరు గురించి చెప్పుకున్నదీ ఇదే పద్ధతిలో. విరామచిహ్నం "కామా"కు చివర "లా" చేర్చమంది. తెలిసిన మాట పక్కన పెడితే తెలియని పేరు అతుక్కుంటుంది.

"టిహెచ్" దగ్గర ఇంకో చిక్కు. మనం త కోసం ఆ రెండక్షరాలు రాస్తాం, స్వాతి, హర్షిత, శరత్ అన్నీ అలాగే. వాళ్ళు చదివేది "థింక్"లో ఉన్న ధ్వని. పోనీ "హెచ్" తీసేద్దామంటే, రెండు అచ్చుల మధ్య "టి" వస్తే అమెరికా నోట్లో అది డ అవుతుంది, వాటర్‌ని "వాడర్" అన్నట్టు. అంటే మా పాప అయితే శ్రీహిథ కావాలి, లేకపోతే శ్రీహిడ కావాలి. నేనూ మా ఆయనా దీని మీద గంట వాదించుకున్నాం. చివరికి మా పాపనే అడిగాం. రెండూ నాలుగైదుసార్లు పలికించుకుని విని, "డ బాలేదు. థ అయితే మెత్తగా ఉంది" అంది. ఆ పూటతో ఆ గొడవ తీరిపోయింది. రాజీ పడక తప్పని చోట ఎక్కడ పడాలో పేరున్నవాళ్ళే చెప్పాలి.

"జ్ఞ"కు మనం "జిఎన్" రాస్తాం. వాళ్ళ భాషలో మాట మొదట్లో ఆ రెండూ వస్తే "జి" పలకరు. జ్ఞానేశ్ "నానేశ్" అవుతాడు. ఆ పేరున్నవాళ్ళు ఈ సంగతి టీచర్‌కు విడిగా చెప్పాలి.

ఇవన్నీ తేలాక అరచేతిలో పట్టే కార్డు మీద పేరు రాయండి. కింద ముక్కలు ముక్కలుగా విడదీసి, బరువు పెట్టి పలికే ముక్కను పెద్దక్షరాల్లో పెట్టండి. దాని కింద ప్రాస మాట ఒకటి రాయండి. మా కార్డులో "శ్రీ" కోసం ఎస్, హెచ్, ఆర్, రెండు ఇ-లు రాసి, "త్రీకి ప్రాస" అని పెట్టాం. "ష్రింప్" అనగలిగిన నోటికి శ్రీ అనడం కష్టమేమీ కాదు. తర్వాత ఫోన్‌లో మూడు సెకన్ల రికార్డు చేయండి, పిల్లల గొంతుతోనే. పెద్దవాళ్ళ గొంతు పాఠంలా ఉంటుంది. ఆ పిల్లే తన పేరు చెప్పుకుంటుంటే విన్న టీచర్ మళ్ళీ తేలిగ్గా తీసుకోదు.

బడి తెరిచే వారంలోనే పంపండి

టెక్సస్‌లో చాలా బళ్ళు ఆగస్టు నడిమికల్లా తెరుస్తారు, న్యూజెర్సీలో సెప్టెంబరు. ఎక్కడైనా మొదటి వారం దాటనివ్వకండి. ఇరవై అయిదుమంది పిల్లల నోళ్ళలో ఒక పేరు పడ్డాక దాన్ని మార్చడం టీచర్ వల్ల కూడా కాదు. మేం అక్టోబరులో మేలుకున్నాం. సిరి అన్న మాట పోవడానికి సంక్రాంతి దాటింది.

ఈమెయిల్ పొడుగ్గా అక్కర్లేదు. సంజాయిషీలు, "మా పేర్లు కాస్త కష్టమే" లాంటివి రాయకండి. మీరే కష్టమంటే వాళ్ళు కాదంటారా? నేను రాసింది ఇంతే: "మా అమ్మాయి పేరు శ్రీహిత. ఇది ఒకే పేరు, పట్టీలో పొరపాటున రెండుగా పడింది. దయచేసి కుదించకుండా మొత్తం పేరుతో పిలవండి. పలికే తీరు, తన గొంతు జతచేశాను. మొదట్లో తప్పు పోయినా ఫర్లేదు, తను సరిచేస్తుంది." చివరి వాక్యం ముఖ్యం. తప్పు పలికితే ఏమనుకుంటారో అన్న భయంతోనే చాలామంది టీచర్లు పేరు పలకడమే మానేసి "స్వీటీ" అనో, వేలు చూపించో పిలుస్తారు. తప్పు పలికే వీలు వాళ్ళకివ్వండి. మార్చే వీలు ఇవ్వకండి.

అదే ఈమెయిల్ మ్యూజిక్, పీటీ, లైబ్రరీ టీచర్లకు, బస్ డ్రైవర్‌కు కూడా చేరేలా చూడండి. క్లాస్ టీచర్ నేర్చుకుంటే అందరూ నేర్చుకున్నట్టే అనుకుని మేం ఏడాది పోగొట్టుకున్నాం.

పిల్లల నోటికి ఒక వాక్యం ఇవ్వండి

క్లాసులో మీరుండరు. తప్పు పలికిన క్షణంలో చెప్పాల్సింది ఆ ఐదేళ్ళ పిల్లే. పెద్దవాళ్ళను సరిదిద్దడం తప్పని మనమే నేర్పి ఉంటాం కాబట్టి ముందు ఆ ముడి విప్పాలి. "టీచర్‌కు ఎదురు చెప్పడం కాదమ్మా, టీచర్‌కు తెలియంది చెప్పడం" అని మేం అన్నాం. తర్వాత వాక్యం: "నా పేరు శ్రీహిత. శ్రీ, హి, త." ముందు "సారీ" లేదు, వెనక "ఇట్స్ ఓకే" లేదు. రాత్రి అన్నాలప్పుడు వాళ్ళ నాన్న టీచర్ అయి తప్పుగా పిలిచేవాడు, పాప సరిచేసేది. మొదటి రెండు రోజులు కంచంలోకి చూస్తూ గొణిగింది. నాలుగో రోజుకు వాళ్ళ నాన్న ఒప్పుగా పిలిచినా కూడా సరిచేసింది.

తోటిపిల్లలు "హే సిరి" అని ఏడిపిస్తుంటే మాత్రం ఆ భారం పిల్ల మీద పెట్టకండి. అది పేరు పలకడం రాకపోవడం కాదు, వేధింపు. వేధింపు అన్న మాటే వాడి టీచర్‌కు రాయండి.

టీచర్ రాని రోజు

బదులుగా వచ్చిన సబ్ హాజరు పట్టీ చదువుతూ ఒక పేరు దగ్గర ఆగిపోతుంది. కళ్ళు చిట్లిస్తుంది. ఆ నిశ్శబ్దం వినగానే అది తన పేరేనని మన పిల్లలకు తెలిసిపోతుంది, అడక్కుండానే చెయ్యెత్తేస్తారు. ఇక్కడ పెరిగిన పిల్లల్ని ఎవర్నడిగినా ఈ క్షణం చెబుతారు. దీనికి విరుగుడు చిన్నదే. సబ్‌ల కోసం టీచర్ టేబుల్ మీద ఒక ఫోల్డరు ఉంటుంది. అందులో ఉన్న పట్టీలో పేరు పక్కనే పలికే తీరు రాసి పెట్టమని అడగండి. బహుమతులిచ్చే రోజుకు, గ్రాడ్యుయేషన్‌కు కూడా అంతే, మైకులో చదివేవాళ్ళకు కార్డు ముందే చేరాలి.

చెప్పినా మారకపోతే

రాకపోవడం వేరు, మార్చుకోకపోవడం వేరు. 2020 అక్టోబరులో జార్జియాలోని మేకన్‌లో ఎన్నికల సభలో డేవిడ్ పర్డ్యూ అనే సెనేటరు కమలా హారిస్ పేరును రకరకాలుగా వంకర్లు తిప్పి నవ్వించాడు. అప్పటికి మూడేళ్ళకు పైగా ఇద్దరూ ఒకే సెనేట్‌లో ఉన్నారు. ఆ పేరు ఆయనకు రాదనుకోవాలా?

ఒకసారి చెప్పి రెండు వారాలు చూడండి. తర్వాత మళ్ళీ రాతలోనే, కౌన్సెలర్‌కు లేదా అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌కు నకలు పెట్టండి. తేదీలు, ఏమన్నారో పిల్లల మాటల్లోనే రాసి ఉంచుకోండి. స్కూల్‌కు చూపించడానికి పనికొచ్చేది ఒకటుంది: కాలిఫోర్నియాలో శాంటా క్లారా కౌంటీ విద్యాశాఖ "మై నేమ్, మై ఐడెంటిటీ" అనే కార్యక్రమం నడిపింది. పిల్లల పేర్లు సరిగ్గా పలుకుతామని టీచర్లు, స్కూళ్ళు అందులో మాటిస్తారు. ఇది మా ఒక్కరి పట్టుదల కాదని ప్రిన్సిపాల్‌కు అర్థం కావడానికి అది చాలు. రీటా కోహ్లీ, డేనియల్ సొలోర్సానో అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన వ్యాసంలో, బడిలో పేరు పాడైన అనుభవం పిల్లలు తమను తాము చూసుకునే తీరునే మారుస్తుందని రాశారు. అది కూడా జతచేయొచ్చు.

రికార్డుల్లోనే పేరు తప్పు పడితే మీ చేతిలో చట్టముంది. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం పిల్లల రికార్డులు చూపించమని అడిగితే 45 రోజుల్లోపు చూపించాలి, తప్పులుంటే దిద్దమని అడిగే హక్కు మీది. ఇక అన్ని గడపలూ ఎక్కినా కావాలనే మార్చి పిలుస్తుంటే, 1964 పౌరహక్కుల చట్టంలోని ఆరో భాగం ఫెడరల్ డబ్బు తీసుకునే బళ్ళలో జాతి, రంగు, పుట్టిన దేశం పేరిట వివక్షను నిషేధిస్తుంది. ఫెడరల్ విద్యాశాఖలోని పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. 2005లో ఒక అరబ్ ఉద్యోగి వద్దన్నా వినకుండా యజమాని అతన్ని "మ్యానీ" అనే పిలిచిన కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు అది జాతి వివక్షేనన్న జ్యూరీ తీర్పును నిలబెట్టింది. అది ఆఫీసు కేసు, బడి కేసు కాదు. అయినా పేరుకూ జాతికీ ఉన్న ముడిని కోర్టు గుర్తించిందని తెలిస్తే మాట్లాడేటప్పుడు ధైర్యంగా ఉంటుంది. చాలామందికి ఇంతదూరం రావాల్సిన పని పడదు. నాకు తెలిసిన ఇళ్ళలో రెండో ఈమెయిల్ దాటినవాళ్ళు లేరు.

పిల్లలే మార్చుకుంటామంటే

ఆరో క్లాసు దాటాక ఇది వస్తుంది. "నన్ను శ్రీ అనండి చాలు" అంటారు. కొట్టిపారేయకండి, కుంగిపోకండి. చిన్ని, బుజ్జి, నాని అంటూ పేర్లు కుదించడం మన ఇళ్ళలో లేనిదా? అడగాల్సింది ఒక్కటే: ఇది నీకు ఇష్టమనా, వాళ్ళకు కష్టమనా? ఇష్టమయితే ఆ పేరే కార్డు మీద రాయండి. కష్టమనే అయితే మళ్ళీ టీచర్‌కు రాసే పని మీది.

"పేరులో ఏముందిలే, ఎలా పిలిస్తే ఏం" అని పెద్దవాళ్ళు అంటారు. మా తాతయ్యకు ఇంట్లో పెట్టిన పేరు పోలయ్య. బడిలో వేసిన రోజు ఆ పేరు మోటుగా ఉందని పంతులుగారు వేరే పేరు రాసుకున్నారు, పుట్టినరోజు జూలై 1 అని వేశారు. మన ఊళ్ళలో ఆ తరంలో ఇది మామూలే. ఉద్యోగమంతా ఆ కాగితం పేరుతో సంతకం పెట్టారు. చివరి రోజుల్లో ఆసుపత్రిలో నర్సు ఆ పేరుతో పిలిస్తే పలికేవారు కాదు, నాన్నమ్మ "పోలయ్యా" అంటే కళ్ళు తెరిచేవారు.

ఇంట్లో

పిల్లలు మనల్ని చూస్తారు. కాఫీ షాపులో కప్పు మీద రాయడానికి పేరడిగితే మా ఆయన "శ్యామ్" అని చెప్పేవాడు. ఆయన పేరు శ్యామసుందర్ కాదు, పురుషోత్తం. పాప పక్కనుండి వింటోందని తెలిశాక మానేశాడు. ఇప్పుడు పురుషోత్తం అనే చెబుతాడు, కావాలంటే అక్షరాలు విడదీసి చెబుతాడు, వెనక లైనులో ఎంతమంది ఉన్నా.

ఇంకొకటి. పాప క్లాసులో వియత్నాం పిల్ల ఉంది, నైజీరియా పిల్లాడున్నాడు. వాళ్ళ పేర్లు నేను ఎలాపడితే అలా అంటుంటే మా పాపే ఆపింది. ఇంటికి వచ్చే ప్రతి పిల్ల పేరూ ఆ పిల్లనే అడిగి నేర్చుకోండి. వాళ్ళ అమ్మ మీ పిల్ల పేరు నేర్చుకోవడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

సిరి అంటే ఏమిటో మా పాపకు ఆ ఏడాది దీపావళికి చెప్పాను, లక్ష్మీపూజ దగ్గర. "అయితే మంచి పేరే" అంది. కాసేపాగి, "కానీ నాది కాదు" అంది.

ప్రతి ఆగస్టుకూ కొత్త టీచర్, కొత్త ఈమెయిల్, కొత్త కార్డు. ఈసారి మూడో క్లాసు. కార్డు తనే రాసుకుంది. ఇంగ్లీషు అక్షరాల కింద, ప్రాస మాట కింద, చోటు సరిపోక అంచు వెంట వంపు తిప్పి, తెలుగులో "శ్రీహిత" అని కూడా రాసింది. శ్రీకి గుడి కాస్త పక్కకు పోయింది. అలాగే పంపాం.